తేదీ పోయిన డాలరు

“పోయింది సిగ్నే... తేదీ పోయింది!”

సంత మైదానంలో రేకుల షెడ్డు. షెడ్డు నిండా పాత వెండి నాణేలు. నాణేలన్నీ కలిసి గలగలమన్నా అంత చప్పుడు రాదు, మూలనున్న పాప్‌కార్న్ మిషను చేస్తున్న చప్పుడు అలాంటిది. దాని పక్కనే నిలబడి, ఒక చెవిలో వేలు దూర్చుకుని, ఏడుపు గొంతుతో అర్విడ్ లుండే తన భార్యకు ఫోన్లో చెప్పింది ఆ ఒక్క ముక్కే. ఇంకేం చెప్పడానికీ నోరు రాక ఫోన్ పెట్టేశాడు.

అవతల వంటింట్లో సిగ్నే పెనం మీద బంగాళాదుంప రొట్టెలు కాలుస్తోంది. మామూలు రొట్టెలు కావు, పెళ్ళి రొట్టెలు. ఎల్లుండి శనివారం ఆమె మేనకోడలు కార్నా పెళ్ళి. నెత్తి మీద పొగ లాగే ఫ్యాను గుయ్యిమంటోంది. ఆ గుయ్యిలో పడి ‘తేదీ’ కాస్తా ‘టెడ్డీ’ అయి కూర్చుంది. టెడ్డీ అంటే సిగ్నేకి స్వయానా అన్న. పెళ్ళికూతురి తండ్రి. ‘పోయింది’లో తోక ముక్కని కూడా ఆ ఫ్యానే మింగేసింది.

టెడ్డీ పోయి... ఎక్కడికి పోయాడని అడగాలా? మొగుడు ఏడుస్తూ చెప్పాడంటే మనిషి పోయేది ఒక్క చోటికే.

రొట్టె మాడింది. సిగ్నే అన్నకి ఫోన్ చేసింది. ఎత్తలేదు. ఎత్తని ఫోనే ఆమెకి సాక్ష్యం. టెడ్డీ తన ఫోన్ని ట్రాక్టరు సీటు మీద మర్చిపోయి పెళ్ళికూతురి బూట్లకోసం కూతురితో పక్క ఊరు వెళ్ళాడన్న సంగతి ఆమెకేం తెలుసు? వెంటనే బోర్గిల్డ్ పెద్దమ్మకి చెప్పింది. బోర్గిల్డ్ పెద్దమ్మకి చెవులు సరిగ్గా వినపడవు గానీ చావులు మాత్రం బ్రహ్మాండంగా వినపడతాయి. నార్డ్‌బీ చర్చి వంటగది ఆవిడ రాజ్యం. ఆవిడ చెవిన పడ్డ చావు, ఊరు మొత్తానికీ పొయ్యి మీద పడ్డట్టే.

సరే, అక్కడ వంటలు అవుతుంటాయి. మనం షెడ్డులోకి వద్దాం.

అర్విడ్‌ది నార్డ్‌బీలో మేకులూ మరలూ అమ్మే కొట్టు. పక్కన నాణేల పిచ్చి. ఊళ్ళో నాణేల సంఘం ఒకటుంది. అది చర్చి కింద గదిలో కాఫీ తాగుతూ, తీపి బిళ్ళలు తింటూ, వెండి బిళ్ళల గురించి వాదించుకునే సంఘం. లోకంలో నాణేలు సేకరించే వాళ్ళందరూ అచ్చులోంచి అప్పుడే ఊడిపడ్డట్టు మిలమిలలాడే డాలర్ల వెంట పడతారు. వాటికి మార్కులు కూడా ఉంటాయి, ఒకటి నుంచి డెబ్బై దాకా. డెబ్బై వచ్చిన నాణెం మహారాజు. నార్డ్‌బీ వాళ్ళు మాత్రం ఆ పరీక్షని తలకిందులు చేశారు. వాళ్ళకి కావలసింది ఒకటి. డెబ్బైకి ఒక్క మార్కు తెచ్చుకున్నవాడే అక్కడ ఫస్టు. జేబులో వేసుకుని, బొటనవేలితో రుద్ది రుద్ది, డాలరు మీద దేవత ముక్కూ మొహమూ మాయమై, వెనక గద్ద రెక్కలు ఊడి కోడిపిల్లై, నాణెం సబ్బుబిళ్ళలా తేలాలి. ఆకురాయి పట్టకూడదు. మిషను పెట్టకూడదు. జేబు, వేలు, ఓపిక, అంతే. నాణ్యం ఎంత పోతే నాణెం అంత గొప్పది.

ఒకే ఒక్క షరతు. తేదీ కనపడాలి. సంవత్సరం అంకెలు నాలుగూ, నీడలా అయినా సరే, కంటికి ఆనాలి. అవి ఆనినంత కాలం ఒకటి. ఆనకపోతే సున్నా. తర్వాత అది నాణెమూ కాదు, డాలరూ కాదు. కరిగించుకునే వెండి ముక్క. అంటే రుద్దాలి, ఆగాలి. ఎక్కడ ఆగాలో తెలియడమే విద్య. ఒక్క రుద్దు తక్కువైతే ఓడిపోతారు, ఒక్క రుద్దు ఎక్కువైతే మాడిపోతారు.

అర్విడ్ జేబులో ఉన్నది మామూలు డాలరు కాదు. అది మామగారు హాల్వోర్ బ్రెకీ డాలరు. పద్దెనిమిది వందల తొంభై రెండు నాటిది. హాల్వోర్ తండ్రి ఈ దేశంలో ఓడ దిగి, ఇంకొకరి పొలంలో చేసిన మొదటి కూలికి దక్కిన డాలరు. బ్రెకీల ఇంటి పెళ్ళికూతురు ఎవరైనా ఆ డాలరు ఎడమ బూటులో పెట్టుకునే చర్చిలోకి నడవాలి. హాల్వోర్ భార్య నడిచింది. సిగ్నే నడిచింది. హాల్వోర్ ఒకసారి దాని అంచుతో మొక్కజొన్న కోత మిషన్ మర బిగించబోతే చెయ్యి జారి అంచు మీద గాటు పడింది. ఆ గాటులో బొటనవేలు కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంటుంది.

న్యాయంగా ఆ డాలరు కొడుకు టెడ్డీకి రావాలి. కానీ హాల్వోర్, “నీ జేబుకి అడుగు లేదురా, తాళాలు పారేశావు, కత్తి పారేశావు, ఒకసారి దూడని కూడా పారేశావు,” అని కొడుకుని కాదని అల్లుడి చేతిలో పెట్టాడు. టెడ్డీ ఆ ఏడే, సరిగ్గా అదే సంవత్సరం డాలరు ఇంకొకటి కొనుక్కున్నాడు. “మా నాన్నది నీ జేబులో ఉంటే ఉండనీ బావా. దాన్ని మించి అరగదీయకపోతే నా పేరు టెడ్డీ కాదు,” అన్నాడు. అప్పటి నుంచి ముప్ఫై ఏళ్ళు బావలిద్దరూ చెరో జేబులో చెయ్యి పెట్టుకునే బతికారు. చర్చి ప్రసంగంలో రుద్దారు, పంచాయితీలో రుద్దారు, ఒకరితో ఒకరు మాట్లాడుతూ కూడా రుద్దారు.

ఈ మార్చిలో అర్విడ్‌కి భయం పట్టుకుంది. మామగారి డాలరు మీద దేవత పూర్తిగా వెళ్ళిపోయింది, తేదీ ఒక్కటే గుమ్మంలో నిలబడి ఉంది. కార్నా పెళ్ళి కుదిరింది. డాలరు ఈసారి మేనకోడలి బూటులోకి, ఆ తర్వాత ఆమె ఇంట్లోకి. అంతవరకూ తేదీ ఉండాలి. అర్విడ్ తన బొటనవేలిని నమ్మలేకపోయాడు. “నా చెయ్యి ఊరుకోదు సిగ్నే. దీన్ని మెత్తటి గుడ్డలో పెట్టి కుట్టేసెయ్యి,” అన్నాడు. ఆమె చిన్న సంచీ చేసి కుట్టేసింది. ఆ రోజు నుంచి సంచీ జేబులో ఉందే గానీ, అర్విడ్ డాలరు మొహం చూసింది లేదు. లేని మొహాన్ని చూసేదేముందనుకోండి.

మరి గురువారం పూట షెడ్డుకి ఎందుకు తెచ్చాడు? దురద. శనివారం ఇచ్చేస్తే మళ్ళీ దక్కదు. ఇచ్చే ముందు ఒక్కసారి పోటీలో పెట్టి, టెడ్డీ బావ కన్నా ముందున్నానని అనిపించుకుని, ఆ తర్వాత గొప్పగా దానం చేద్దామన్న దురద.

పోటీకి న్యాయం చెప్పడానికి వచ్చింది కొరీన్ వాండర్‌ప్లోగ్. రాష్ట్రంలో పాత వెండికి ఆవిడ పెట్టిందే వెల. మిగతా ఆడవాళ్ళు మెళ్ళో శిలువ వేసుకునే చోట ఆవిడ భూతద్దం వేసుకుంటుంది. సంచీ కుట్లు చిన్న కత్తెరతో విప్పి, డాలరుని అంచులు పట్టుకుని దీపం కింద పెట్టింది. పక్కకి వంచింది. ఇటు వంచింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

“అర్విడ్ గారూ, ఈ డాలరు ఏ సంవత్సరానిది?”

“తొంభై రెండండీ. పద్దెనిమిది వందల తొంభై రెండు.”

“ఆ సంగతి మీరు చెబుతున్నారు. డాలరు చెప్పడం లేదు.”

అర్విడ్ నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. నవ్వు సగంలో ఆపి భూతద్దం లాక్కుని చూశాడు. ఒకటి లేదు, ఎనిమిది లేదు, తొమ్మిది లేదు, రెండు లేదు. అంకెలుండే చోట గోడకి కొత్తగా సున్నం కొట్టినట్టు ఉంది. డాలరు చూసి డీలరు చెప్పిన మాటకి మనిషి అక్కడికక్కడే డీలా పడ్డాడు.

“మార్చిలో ఉందండీ! నా కళ్ళతో చూశాను!”

“మార్చిలో ఉండొచ్చు. ఇప్పుడు మాత్రం దీనికి ఏ మార్కూ ఇవ్వలేను. తూకం వేసి వెండి ధర చెప్పగలను, చెప్పమంటారా?”

చెప్పమనలేదు. ఆ తర్వాతే పాప్‌కార్న్ మిషను పక్కన ఆ ఫోను. అది పెట్టేశాక కారు తాళం చెవి కన్నంలో పెట్టలేక మూడు చోట్ల గీతలు పెడుతుంటే కొరీనే వచ్చి తాళం లాక్కుంది.

“జరగండి. ఈ చేతులతో నడిపితే మీరు కూడా చరిత్రలో కలుస్తారు. నా కారులో దింపుతాను.”

డాలరుని సంచీలో పెట్టి ఒళ్ళో పెట్టుకుని, దారంతా అర్విడ్ ఒకటే మాట. “గుడ్డలో ఉంది కదండీ. ముట్టుకోలేదు కదండీ. కార్నాకి ఏం చెప్పనండీ?” మొక్కజొన్న చేలు రెండు పక్కలా వెనక్కి పోతున్నాయి గానీ ఆ మాట ముందుకి కదల్లేదు.

ఇంటి మలుపు తిరిగేసరికి వాకిట్లో, వీధిలో, పక్కింటి గడ్డి మీద కూడా కార్లే. “అప్పుడే ఊరంతా తెలిసిపోయిందండీ, డాలరు సంగతి!”

లోపల ఇంకా ఘోరం. భోజనాల బల్ల మీద వరసగా హాట్‌డిష్‌లు. మాంసం, చిక్కటి పుట్టగొడుగుల సూపు, పైన వేయించిన బంగాళాదుంప ముక్కలు పేర్చి కాల్చిన గిన్నెలు. ఈ ఊళ్ళో ఆ గిన్నెలు అన్ని బారులు తీరాయంటే అర్థం ఒకటే, చావు. నల్ల బట్టల్లో ఆడవాళ్ళు. మధ్యలో కళ్ళు ఉబ్బిన సిగ్నే. మొగుణ్ణి చూడగానే వచ్చి మీద పడింది.

“ఎలా జరిగిందయ్యా?”

“తెలీదే! బాగానే ఉందనుకున్నా. ఆవిడ భూతద్దం పెట్టి చూసింది...”

“భూతద్దమా! అంత ఘోరంగానా?”

“ఏమీ మిగల్లేదు సిగ్నే. మొహం ఎప్పుడో పోయిందనుకో, కనీసం...”

“మొహం పోయిందా!” సిగ్నే కుర్చీలో కూలబడింది. వెనక నుంచి ఎవరో చేతిలోని గిన్నెని బల్ల మీద వదిలేశారు. గిన్నె పగల్లేదు గానీ అందరి ధైర్యం పగిలింది.

“గట్టిగా వెల కడితే వెండి ధర వస్తుందన్నారు,” అన్నాడు అర్విడ్ కళ్ళు తుడుచుకుంటూ.

“మా అన్నకి వెల కట్టిందా ఈవిడ?” సిగ్నే కొరీన్ వైపు చూసిన చూపుకి కొరీన్ రెండడుగులు వెనక్కేసింది. తను ఏ ఇంటికొచ్చిందో, ఏ పిచ్చివాళ్ళ మధ్య పడిందో ఆవిడకి అంతు పట్టడం లేదు.

అప్పుడు తలుపు తెరుచుకుంది. టెడ్డీ. వెనకే కార్నా, చేతిలో తెల్ల బూట్ల పెట్టె.

“ఏంటర్రా ఈ జనం? ఎవరు పోయారు?” అన్నాడు టెడ్డీ.

చెవీ, కళ్ళూ రెండూ మందగించిన బోర్గిల్డ్ పెద్దమ్మ ఒక్కతే పళ్ళెం అందించింది. “టెడ్డీ పోయాడు నాయనా. బంగారం లాంటి మనిషి. కూర్చో, కాస్త తిను.”

“టెడ్డీయా? ఏ టెడ్డీ?”

“మన టెడ్డీయే. హాల్వోర్ కొడుకు. ఇంతకీ నువ్వెవరి అబ్బాయివి?”

టెడ్డీ పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఒకసారి తన చొక్కా వైపు చూసుకున్నాడు, ఒకసారి కూతురి వైపు. “కార్నా, నేను పోయానటే. నాకెవరూ చెప్పలేదే!”

సిగ్నే కేక పెట్టింది. కేకతో పాటు లేచి, ఒక చేత్తో అన్నని వాటేసుకుని, ఇంకో చేతిలో ఉన్న తుండుగుడ్డతో అన్నని బాదింది. “ఫోన్ ఎత్తవేం దరిద్రుడా! చచ్చిన వాళ్ళు కూడా నీకన్నా త్వరగా పలుకుతారు!” అప్పుడు అందరి తలలూ ఒక్కసారిగా అర్విడ్ వైపు తిరిగాయి.

“నేను టెడ్డీ అనలేదు,” అన్నాడు అర్విడ్ గోడకి అతుక్కుని. “తేదీ అన్నాను. తేదీ పోయింది.”

ఊపిరి పీల్చుకున్నారు. నవ్వులు మొదలయ్యాయి. అందరికన్నా గట్టిగా నవ్విందీ టెడ్డీయే. చావుని దాటుకుని వచ్చినవాడు కదా, ఇల్లు అదిరేలా నవ్వాడు. “తేదీ పోతే ఊరంతా ఏడ్చారా! ఏ తేదీ బావా? పెళ్ళి తేదీయా?”

“డాలరు మీద తేదీ, బావా. మీ నాన్న డాలరు.”

ఆ నవ్వు ఆగిన తీరు చూసి తీరాలి. మిషనుకి కరెంటు పోయినట్టు ఆగింది. తను చచ్చాడంటే నవ్విన మనిషి, ఈ మాటకి తెల్లబోయాడు. పళ్ళెం బల్ల మీద పెట్టాడు, సరిగ్గా పెట్టలేదు, అది అంచు మీద ఊగింది.

“నాన్న డాలరు... తేదీ పోయిందా?”

కార్నా బూట్ల పెట్టె గుండెకి హత్తుకుంది. ఏమీ అనలేదు. అనకపోవడమే అర్విడ్‌కి ఎక్కువ తగిలింది. ఈ పిల్ల చిన్నప్పుడు తన ఒళ్ళో కూర్చుని ఆ డాలరు అడిగి పుచ్చుకుని, బూటులో వేసుకుని వాకిట్లో నడిచేది. వాళ్ళమ్మ చనిపోయిన ఏడు మాత్రం అడగడం మానేసింది. మళ్ళీ ఈ మార్చిలోనే, పెళ్ళి కుదిరిందని చెప్పినప్పుడే అడిగింది. “మావయ్యా, డాలరు ఉంది కదూ?” అంది. ఉందన్నాడు.

“ముప్ఫై ఏళ్ళు నోరు మూసుకున్నా బావా!” టెడ్డీ గొంతు లేచింది. “నాన్న నీకిచ్చాడు, సరే అన్నా. నా జేబుకి అడుగు లేదన్నాడు, సరే అన్నా. నీ జేబుకి అడుగుందిగా! ఏం చేశావు? అడుగంటా అరగదీశావు! పోటీ పిచ్చితో నా కూతురి డాలరు మింగేశావు!”

“మార్చి నుంచీ ముట్టుకోలేదు బావా, ప్రమాణం. సిగ్నేనడుగు, గుడ్డలో పెట్టి కుట్టింది.”

“నిజమే అన్నయ్యా, నేనే కుట్టా.”

“కుట్టడమా ఇది? కుట్ర!”

“అంత మాటొద్దు అన్నయ్యా!”

కార్నా నెమ్మదిగా ముందుకొచ్చి చెయ్యి చాపింది. “ఒకసారి చూపించు మావయ్యా. తేదీ లేకపోతే లేకపోయింది. నాకు అదే కావాలి.”

అర్విడ్ సంచీలోంచి డాలరు తీశాడు. ఇవ్వబోతూ, ఆఖరిసారి కదా అని, అలవాటు కొద్దీ బొటనవేలిని అంచు వెంట తిప్పాడు. మామగారి గాటు దగ్గర ఆపుదామని.

వేలు ఆగలేదు.

మళ్ళీ తిప్పాడు. చుట్టూ నున్నగా ఉంది. గుండ్రంగా వెళ్ళిన వేలు గుండ్రంగా వెనక్కొచ్చింది. అర్విడ్ కాళ్ళ కింద నేల కూడా అలాగే తిరిగినట్టయింది. షెడ్డులో తేదీ లేదన్న దెబ్బకి అంచు వైపు చూడాలనే తోచలేదు!

“సిగ్నే... ఇది మీ నాన్నది కాదు. గాటు లేదు.”

ఆ తర్వాత అందరి కళ్ళూ ఒక్క మనిషి మీదికే వెళ్ళాయి. సంచీ విప్పింది ఎవరు? డాలరుని దీపం కింద పెట్టుకున్నది ఎవరు? కొత్త మనిషి, మెళ్ళో భూతద్దం, వృత్తి డాలర్లు.

“ఓహో,” అన్నాడు టెడ్డీ కొరీన్ వైపు తిరిగి. “తేదీయే కాదన్నమాట, డాలరే మారిపోయింది!”

కొరీన్ మొహం ఎర్రబడింది. ఆ ఒక్క మాట బయటికి పాకితే ఆవిడ బల్ల దగ్గరికి ఇంకెవరూ రారు. కానీ గొంతు తగ్గించలేదు. “అయ్యా, నేను ఇతరుల నాణెం అంచులు తప్ప పట్టుకోను. ఈయన కళ్ళ ముందు విప్పాను, ఈయన చేతికే ఇచ్చాను. నా సంచులు, నా జేబులు, నా కారు, అన్నీ వెతుక్కోండి. ఆ తర్వాత ఈ ఇంట్లో అందరి జేబులూ వెతకండి. మీది కూడా!”

“నా జేబులో ఏముంటుంది? నా డాలరు ఉంటుంది!”

“అయితే అది చూపించు నాన్నా,” అంది కార్నా.

టెడ్డీ చెయ్యి జేబులోకి వెళ్ళింది. వెళ్ళి అక్కడే ఉండిపోయింది. అంత గట్టిగా అరిచిన మనిషి మెడ దాకా ఎర్రబడి చర్చిలో పాట మర్చిపోయిన వాడిలా నిలబడ్డాడు.

“ఇప్పుడెందుకే... పోటీ ఆదివారం దాకా ఉంటుందిగా, అప్పుడు చూద్దురు గానీ...”

“నాన్నా.”

తీశాడు. అర్విడ్ అందుకున్నాడు. చూడకముందే బొటనవేలు వెళ్ళి గాటులో కూర్చుంది. ముప్ఫై ఏళ్ళ కుర్చీ కదా, దారి తప్పలేదు.

“ఇదే,” అన్నాడు అర్విడ్. “ఇదే మామగారిది.”

“అన్నయ్యా!” సిగ్నే నోటి మీద చెయ్యి వేసుకుంది. “నువ్వు దొంగిలించావా?”

“నేనా! దేవుడి మీద ఒట్టు! అది నా డాలరే! ఈ మధ్య ఏదో గాటు తగుల్తోంది, కొట్టంలో కింద పడ్డప్పుడు పడిందేమో అనుకున్నా. పట్టు బాగా దొరుకుతోందని సంతోషించా కూడా!” అని ఆగి, చుట్టూ చూసి, ఇక లాభం లేదని కుర్చీలో కూర్చున్నాడు. “సరే, చెబుతా. మార్చిలో నా డాలరు తేదీ పోయింది.”

“నీ తేదీ పోయిందా!” అన్నాడు అర్విడ్.

“పోయింది బావా. ప్రసంగం కాస్త సాగింది, నేను కాస్త ఎక్కువ రుద్దా. బయటికొచ్చి చూసుకుంటే ఖాళీ. ముప్ఫై ఏళ్ళ కష్టం. ఎవరికి చెప్పుకోను? నీకు చెబితే వారం రోజులు నవ్వుతావు. ఆ ఆదివారమే ఎప్పట్లా ఉతకాల్సిన బట్టలు చెల్లి దగ్గర పడేసి వెళ్ళా. డాలరు ప్యాంటు జేబులోనే మర్చిపోయా. ఉతికిన బట్టలు తీసుకెళ్ళి జేబులో చెయ్యి పెడితే...” టెడ్డీ గొంతు తగ్గించాడు. “తేదీ తిరిగొచ్చేసింది.”

“తిరిగొచ్చిందా?”

“నాలుగంకెలూ! సబ్బుకి మకిలి వదిలి పైకి తేలాయనుకున్నా. కాదు, నిజం చెప్పాలంటే, దేవుడు నా మీద జాలిపడ్డాడనుకున్నా.”

“అరిగిపోయిన అంకె సబ్బు నీళ్ళకి మొలుస్తుందా బావా!”

“మొలిచిందిగా! కళ్ళతో చూశా! నువ్వైతే ఏమనుకునేవాడివి?”

సిగ్నే లేచింది. నడుస్తూ నడుస్తూ గుర్తు తెచ్చుకుంటోంది. “ఆ రోజు ఈయన ప్యాంటు, నీ ప్యాంటు ఒకేసారి వేశా మిషన్లో. రెండు జేబుల్లో డాలర్లూ తీసి సాసర్లో పెట్టా. ఈయనది కుడి పక్క, నీది ఎడమ పక్క, బాగా గుర్తు. పెద్దమ్మ కాఫీకొచ్చింది. సాసర్ అడ్డంగా ఉందని ఇటు తిప్పి పెట్టింది. నేను కుడి పక్కది తీసి గుడ్డలో కుట్టేశా. ఎడమ పక్కది నీ జేబులో వేశా...” అక్కడ ఆగిపోయింది. సాసరు గుండ్రంగా ఉంటుందని, తిప్పితే కుడి ఎడమవుతుందని ఆమెకి ఇన్ని నెలల తర్వాత ఇప్పుడు తట్టింది.

“అన్న చెల్లని డాలరుని చెల్లెలు చెల్లేలా చేసిందన్నమాట!” అన్నాడు అర్విడ్. ఇంత భయంలోనూ అతనికి ఆ మాట ఆగలేదు.

ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే టెడ్డీ మొహం చూశారు.

“అంటే,” అన్నాడు టెడ్డీ మెల్లిగా, తన కుడి బొటనవేలిని తనే ఎప్పుడూ చూడనట్టు చూసుకుంటూ, “మార్చి నుంచీ నేను రుద్దింది... నాన్న డాలరా?”

ఎంత రుద్దాడో గదిలో అందరికీ తెలుసు. దేవుడిచ్చిన రెండో అవకాశం అనుకుని రుద్దాడు. ట్రాక్టరు మీద రుద్దాడు. దుక్కిలో, కోతలో రుద్దాడు. నాన్న డాలరుని ఓడించాలని నాన్న డాలరునే రుద్దాడు. ఇవాళ పొద్దున బూట్ల కొట్లో కూడా జేబులోంచి చెయ్యి తియ్యలేదు.

“తేదీ ఉందా?” అంది కార్నా.

అర్విడ్ గుప్పిట్లో డాలరు ఉంది. విప్పి చూసే ధైర్యం అతనికి లేదు. టెడ్డీకి అసలే లేదు. చివరికి కార్నాయే మావయ్య గుప్పిట విప్పి డాలరు తీసుకుని, ఇందాక దొంగ అనిపించుకున్న మనిషి చేతిలో పెట్టింది. “మీరే చూడండి. దయచేసి.”

కొరీన్ కిటికీ దగ్గరికి వెళ్ళింది. నల్ల బట్టలన్నీ ఆవిడ వెనకే వెళ్ళాయి. డాలరుని అడ్డంగా పట్టుకుని వెలుతురుని దాని మీద జారనిచ్చింది. టెడ్డీ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అతని చెయ్యి అలవాటుగా జేబులోకి వెళ్ళి, ఏమీ దొరక్క వెనక్కొచ్చింది.

“ఒకటి ఉంది,” అంది కొరీన్.

ఎవరో ప్రభువు పేరు తలిచారు.

“ఎనిమిది... ఉంది. తొమ్మిదికి తల ఉంది, తోక లేదు. పర్లేదు, తొమ్మిదే.” ఆవిడ డాలరుని వెంట్రుకవాసి వంచింది. “ఆఖరిది...”

“ఆఖరిది?”

“కదలకండి, నీడ పడుతోంది.” మళ్ళీ వంచింది. వంచి అలాగే ఆగింది. “రెండు పాదం ఉంది. పాదం కూడా కాదు, గోరు. కానీ రెండే.”

టెడ్డీ గోడ మీదే తల ఆన్చుకున్నాడు. అతని భుజాలు కదులుతున్నాయి. చచ్చిపోయాడన్న వార్త అతని కళ్ళలో ఒక్క చుక్క తేలేదు. ఆ ‘రెండు’ గోరు తెచ్చింది.

కొరీన్ ఇంకా కిటికీ దగ్గరే ఉంది. “మీకు అర్థం అవుతోందా? ఇది ఒకటి. సిసలైన ఒకటి. మార్చిలో ఇది రెండో మూడో అయి ఉంటుంది, ఇంకా కాస్త మెరుగ్గా. అంటే ఇంకా కాస్త తక్కువ విలువగా. ఈయన వేలు దీన్ని సరిగ్గా అంచు దాకా తెచ్చి ఆపింది. ఇంకో ప్రసంగం పడుంటే సున్నా. పాతికేళ్ళుగా తొంభై రెండు నాటి డాలరులో ఒకటి మార్కు దాని కోసం వెతుకుతున్నాను నేను. వెల మీరు చెప్పండి, ఇస్తాను. మెరిసే కొత్త దానికిచ్చే దానికన్నా ఎక్కువే ఇస్తాను.”

మొహం లేని డాలరుకి ఆ మాట రావడంతో నల్ల బట్టల్లోంచి “ఆఁ!” అని ఒక్కసారే వచ్చింది. టెడ్డీ గోడ వదిలి వెనక్కి తిరిగాడు. అర్విడ్ టెడ్డీని చూశాడు. ముప్ఫై ఏళ్ళ పోటీలో గెలిచింది ఎవరు? నాణెం అతనిది, వేలు ఇతనిది.

“మా నాన్న చేతి నుంచి నీ చేతికి, నీ చేతి నుంచి నా చేతికి,” అన్నాడు టెడ్డీ. “నేను కావాలని పెట్టుకోలేదు బావా, నాకే తెలీదు. అయినా నా జేబుకి అడుగుందిరా, చూశావా! ఇన్ని నెలలు ఉంచుకున్నా!”

“చూశా బావా. మీ నాన్న కూడా చూస్తే బావుండేది.”

“అమ్మేది లేదండీ,” అంది కార్నా కొరీన్‌తో. కుర్చీలో కూర్చుని, పెట్టె తెరిచి, ఎడమ బూటు తీసి, డాలరు అందులో వేసింది.

“బూటులోనా!” కొరీన్ పెట్టిన కేకకి, ఇంతవరకూ ఏమీ వినపడని బోర్గిల్డ్ పెద్దమ్మ కూడా ఉలిక్కిపడింది. “దాని మీద నడుస్తావా పిల్లా! గుమ్మం నుంచి బలిపీఠం దాకా నడిస్తే ఆ గోరు ఉంటుందా!”

కార్నా బూటు వైపు, అత్త వైపు చూసింది. సిగ్నే ఒక్క మాట మాట్లాడకుండా వెళ్ళి సూదీ దారం తెచ్చింది. కొరీన్ డాలరు అంచులు పట్టుకుని, తేదీ ఉన్న వైపు మెత్తటి పోగులకి తగిలేలా, గద్ద వైపు మడమ వచ్చేలా సంచీలో పెట్టింది. బొమ్మ కిందికి, బొరుసు పైకి. గద్ద ఎలాగూ కోడిపిల్లై ఊరుకుంది, పెళ్ళికూతురు తొక్కితే కొత్తగా పోయేదేం లేదు. సిగ్నే కుడుతుంటే ఈసారి ఇద్దరు బావలూ, ఒక వెల కట్టే మనిషీ, ఒక పెళ్ళికూతురూ నిలబడి కాపలా కాశారు. బల్ల మీదున్న సాసరు టెడ్డీ స్వయంగా తీసుకెళ్ళి అలమారలో పెట్టాడు.

“బావా, నీ డాలరు ఏం చేస్తావు?” అని అడిగాడు అర్విడ్.

“జేబులో వేసుకుంటా. తేదీ లేదుగా, ఇంక భయం లేకుండా రుద్దుకోవచ్చు.” ఆ తర్వాత కొరీన్ వైపు తిరిగి టోపీ తీశాడు. “అమ్మా, ఇందాక నోరు జారాను. శనివారం మా పిల్ల పెళ్ళికి రావాలి. మీరు ముందు వరసలో కూర్చోవాలి, ఆ బూటు మీద కన్నేసి.”

“వస్తాను. మీ పిల్ల నడిచే దారి మీకన్నా నాకే ఎక్కువ భయంగా ఉంది,” అంది కొరీన్.

బోర్గిల్డ్ పెద్దమ్మ అందర్నీ ఒక్కొక్కర్నే చూసింది. ఏడ్చిన వాళ్ళు నవ్వుతున్నారు, నవ్విన వాడు ఏడుస్తున్నాడు, పోయినవాడు టోపీ తీసి నిలబడ్డాడు. “ఇంతకీ ఎవరు పోయారర్రా?” అంది.

అప్పుడు అర్విడ్ కుర్చీ ఎక్కాడు. వాకిట్లో కొత్తగా దిగుతున్న వాళ్ళకి కూడా వినపడేలా మొదట్నుంచీ చెప్పాడు. పోయింది టెడ్డీ కాదు, తేదీ. ఆ పోయిన తేదీ హాల్వోర్ గారి డాలరుది కాదు, టెడ్డీ డాలరుది. అది కూడా ఇవాళ కాదు, మార్చిలోనే, ప్రసంగంలో. తిరిగొచ్చింది దేవుడి వల్ల కాదు, సాసరు వల్ల. టెడ్డీ దొంగ కాదు, ఈవిడ దొంగ కాదు, సిగ్నే పొరపాటూ కాదు.

“మరెవరి పొరపాటు?” అని వాకిట్లోంచి ఎవరో అడిగారు.

అర్విడ్ బోర్గిల్డ్ పెద్దమ్మ వైపు చూశాడు. అందరూ చూశారు. ఆవిడకి ఏం వినపడిందో గానీ, పెద్ద గరిటె తీసుకుని హాట్‌డిష్ వడ్డించడం మొదలుపెట్టింది.

“పోతే పోనీయండర్రా. డాలర్లే అరిగాయి, ఇది అరగదా? తినండి!”